చప్పిడి పథ్యం

కరోనా తగ్గిన మరుసటి ఏడాది నన్ను రాజోలు దగ్గర ఒక ప్రభుత్వ ఆసుపత్రికి గ్రేడ్-1 ఫార్మసిస్టుగా వేశారు. అదే నా చివరి పోస్టింగు. విశాఖలో మానసిక వైద్యం పొంది ఇంటికి వచ్చినవాళ్లకు నెలనెలా మందులు ఆగకుండా అందించడం నా పనుల్లో ఒకటి.

రొయ్యల చెరువు కాపలా కాసే సత్తిబాబుకు అక్కడ లిథియం రాశారు. పట్టలేని హుషారు, ఆనక కుంగుబాటు, ఇలా మారిమారి వచ్చే జబ్బుకు వాడే మందు. మా స్టోరులో లేదు. ఇండెంటు, అంటే సరుకు కోరుతూ జిల్లా స్టోరుకు పెట్టే కాగితం, పెడితే తిరిగొచ్చింది. మళ్లీ పెట్టి, ఫోన్లు చేసి విసిగించి తెప్పించాను. తల్లి నూకాలమ్మ చేతిలో పెట్టి, వేళ తప్పొద్దు, తిండి మామూలుగా తినాలి అని చెప్పాను. ప్రతి మాటకూ "ఆయ్" అంది.

మరుసటి నెల ఇద్దరూ వచ్చారు. మాత్రల అట్ట అందుకోబోతే సత్తిబాబు వేళ్లు వణికి అది కిందపడింది. నడక తూలుతోంది.

"పొద్దున్నే ఏసేడండీ!" అని క్యూలో ఎవరో నవ్వారు. సారా వాసన మాత్రం లేదు. ఏం తింటున్నాడని తల్లిని అడిగాను.

"చప్పిడి పథ్యమండీ బాబుగారూ. ఉప్పు గల్లు తగలనివ్వలేదండి."

"మామూలుగా తినమన్నాను కదమ్మా!"

"ఆయ్, అన్నారండి. మందేసుకుంటే పథ్యం ఉండాలి కదండీ. మొగోళ్లు, మీకేం తెలుస్తాదండి."

నాకు ఒళ్లు మండిపోయింది. ఒంట్లో ఉప్పు తగ్గితే మూత్రపిండాలు లిథియాన్ని బయటికి పోనివ్వవు. అది రక్తంలో పేరుకుని విషమవుతుంది. డిప్లొమా చదువులో ఇది ఒక్క వాక్యం. మిగతాదంతా అమలాపురం గ్రంథాలయంలో నిఘంటువు పక్కన పెట్టుకుని, ఒక లావుపాటి ఇంగ్లీషు వైద్యగ్రంథంలో చదువుకున్నాను. వెంటనే డ్యూటీ డాక్టరుగారికి చూపించాను. ఆవిడ మందు ఆపించి, సెలైన్ పెట్టి, కాకినాడ పంపారు.

అతను తేరుకుని వచ్చాక అసలు తగువు మొదలైంది. డాక్టర్లు మోతాదు తగ్గించి మళ్లీ వాడమన్నారు. "చంపబోయిన మందు మళ్లీ ఎందుకండీ?" అంది నూకాలమ్మ. మానేస్తే జబ్బు తిరగబెట్టి మళ్లీ విశాఖ ప్రయాణమే.

"మీవాణ్ణి పడగొట్టింది ఒట్టి మాత్ర కాదమ్మా, నీ చప్పిడి కూర" అన్నాను.

"ఆ కూడు తినలేనని మొత్తుకున్నానండి. ఇన్నదా?" అన్నాడు సత్తిబాబు.

"నోర్ముయ్ రా!"

ఉప్పు రోజూ ఎంత తింటాడో అంతే, తగ్గకూడదు, పెరగకూడదు అని మళ్లీ చెప్పాను. "ఆయ్" అంది. ఈసారి అట్ట చేతికివ్వకుండా, నేను చెప్పింది తిరిగి చెప్పమన్నాను. మొహం చిట్లించింది.

"అందరికీ వండిందే ఆడికీ పెడతానండి. వాంతులు, వణుకు వస్తే మాత్ర ఆపి, ఎంటనే ఇక్కడికి తెస్తానండి. చాలాండీ?"

అప్పుడు ఇచ్చాను.

మా కోనసీమలో "ఆయ్" అనడం మర్యాద. చెప్పింది చేస్తారనడానికి అది రుజువు కాదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఇలాంటి మందులు ఏవైనా తిరిగి చెప్పించుకోకుండా ఇవ్వలేదు. క్యూ కదలడం లేదని నా మీద ఫిర్యాదులు వెళ్లాయి. వెళ్లనిచ్చాను.