తలుపు పక్క జాగ

అమ్మమ్మ జ్ఞాపకార్థ కూడికలో నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. లేచి నిలబడ్డాను. ఆ రెండూ రాలేదు. అందుకని ఒక సంగతి ఇక్కడ రాస్తున్నాను.

అమ్మమ్మ ఆసిఫాబాద్ సర్కారు దవాఖానలో నర్సు. ఆదివారం చర్చిలో ఆడవాళ్ల వైపు చివరి చాప మీద, తలుపు పక్కన కూర్చునేది. కాన్పు కేసు వస్తే ఇంటివాళ్లు తిన్నగా చర్చి గుమ్మానికే వచ్చి "నర్సమ్మా" అని పిలిచేవాళ్లు. ఆమె చప్పుడు కాకుండా లేచి చెప్పులేసుకుని, మిగిలిన ప్రార్థన దారిలో చేసుకుంటూ వెళ్లేది. ఎన్నో ప్రసంగాలు ఆమెకు సగమే తెలుసు.

ఆమె రిటైరైన ఏడాదే నేను డిగ్రీ తప్పాను. కరీంనగర్‌లో చదువు నా దగ్గరికి రానందుకు బాపు నన్ను అమ్మమ్మ దగ్గరికి పంపాడు. ఇద్దరం ఖాళీ. నా ఖాళీ గురించి చుట్టాలంతా మాట్లాడేవాళ్లు. ఆమె ఖాళీ గురించి ఎవరూ మాట్లాడలేదు, ఆమెతో సహా.

రిటైరయ్యాక కూడా ఆ జాగ వదల్లేదు. మోకాళ్ల నొప్పులు కదా, ముందు కుర్చీలో కూర్చోమని పాస్టర్ అయ్యగారు ఎన్నోసార్లు చెప్పారు. "ఎవలన్న వస్తరు అయ్యగారూ" అనేది. ఎవరూ రాలేదు.

ఒక ఆదివారం ప్రసంగం మధ్యలో ఆటో నడిపే ఒకాయన పరుగెత్తుకొచ్చాడు. నొప్పులు పడుతున్న భార్యను దవాఖానలో దింపి వచ్చాడట.

"నర్సమ్మా, జర జల్ది!"

అమ్మమ్మ అప్పటికే లేచింది. ఆ నిమిషం నొప్పుల సంగతి మోకాళ్లకే గుర్తులేదు. ఒక చెప్పు వేసుకుంది కూడా.

"నువ్వు గాదవ్వా. కొత్త నర్సమ్మ యాడున్నది? గీడనే ఉంటదని దవాఖాన ఆయమ్మ చెప్పింది."

కొత్త నర్సమ్మ ఆడవాళ్ల నడుమ, ఒళ్లో చంటివాడితో ఉంది. ఆమె లేవాలంటే ముందు పక్కవాళ్లంతా లేవాలి. ఆ సందట్లో పిల్లవాడు మేలుకుని చర్చి పైకప్పు ఎగిరేలా ఏడ్చాడు. ఆటో ఆయన గుమ్మంలో చేతులు పిసుక్కుంటున్నాడు. అమ్మమ్మ వేసుకున్న ఆ ఒక్క చెప్పూ విడిచి, లోపలికి వెళ్లి పిల్లవాణ్ని అందుకుంది.

"నువ్వు నడువు బిడ్డా. వీన్ని నేను చూస్త."

ఇంటికొచ్చే దారిలో ఆమెను నవ్విద్దామని నేనే అన్నాను: "పాయె అమ్మమ్మా, నీ నౌకరి గూడ నా చదువు తీర్గనే అయింది."

"నీది మళ్ల రాస్తె పాసయితవు తియ్యే."

కొంత దూరం నడిచాక మళ్లీ తనే అంది. "గా పిల్ల గంత నడుమల కూసుంటె ఎట్లనే? మందిని దాటుకుంట వచ్చేదాంక ఆడ కాన్పు ఆగుతదా? తలుపు కాడ జాగ ఆమెది. నేనే అడ్డం కూసున్న."

మరుసటి ఆదివారం కొత్త నర్సమ్మను చెయ్యి పట్టుకుని తెచ్చి చివరి చాప మీద కూర్చోబెట్టింది. "గీడ కూసో. పిలగాన్ని నాకియ్యి." వాణ్ని ఎత్తుకుని ముందు కుర్చీకి వెళ్లింది. ఇన్నాళ్లకు తన మాట విన్నదని అయ్యగారు దేవునికి స్తోత్రం చెప్పారు. నేను మాత్రం వెనకే ఉండిపోయాను. వెనక వరుస నాకు కాలేజీ నుంచీ అలవాటే.

ప్రార్థన సగంలో ఉండగా గుమ్మంలోంచి ఎవరో "నర్సమ్మా" అన్నారు. నా పక్కన చాప ఖాళీ అయింది. ముందు వరుసలో అమ్మమ్మ వెనక్కి తిరగలేదు. పిల్లవాణ్ని జోకొడుతున్న చెయ్యి ఓసారి ఆగి, మళ్లీ కదిలింది.