అక్కతో జరగని ఎన్నిక

మా తోడికోడలు పోయిందని ఫోను వచ్చినప్పుడు నేను గూడూరు మార్కెట్లో మా తోట నిమ్మకాయలకు బేరం ఆడుతున్నాను. గుండెనొప్పి అట. నెల్లూరు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయిందట. ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. పంచాయతీ ఎన్నికలు ముందు పెట్టుకుని ఇప్పుడా పోవడం, అనుకున్నాను.

చదివేవాళ్లకు ఇది మొరటుగా ఉంటుంది. మా సంగతి తెలిస్తే అర్థమవుతుంది. కోట మండలంలో మా ఊరు. సర్పంచ్ పదవి ఆడవాళ్లకు వచ్చినప్పుడు ఊరంతా ఆమె పేరే చెప్పింది. కానీ ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు పంచాయతీకి పోటీ చేయకూడదని అప్పటి చట్టం. ఆమెకు ముగ్గురు, నాకు ఇద్దరు. నా అర్హత అంతే. ఇంకెవరూ పోటీకి రాలేదు. ఏకగ్రీవంగా సర్పంచ్‌నయ్యాను.

పదవి నాది, సోకు ఆమెది. గ్రామసభలో నేను మైకులో తీర్మానం చదివితే, జనం వెనక వరసలో ఉన్న ఆమె తల ఊపాకే చేతులెత్తేవాళ్లు. నాకు కడుపు రగిలిపోయేది. నేను చదవడంలో తడబడితే ఆమె దగ్గేది. అందరూ అటు తిరిగేలోపు నేను సర్దుకునేదాన్ని. ఆ మేలు కూడా నాకు నచ్చేది కాదు.

తగువులు పంచాయతీ ఆఫీసుకు రాకుండా ఆమె పంచకే పోయేవి. రొయ్యలు ఒలుస్తూనే అన్నీ వినేది. ఎవరైనా అబద్ధమాడితే తల ఎత్తేది కాదు గానీ చేతులు ఆగిపోయేవి. ఆ మనిషి తనంతట తనే నిజం కక్కేవాడు. ఒకసారి నేనూ రొయ్యలు ముందేసుకుని కూర్చున్నాను. తగువు చెప్పుకోవడానికి వచ్చిన పెద్దాయన, కూర ఎప్పటికవుతుందమ్మా అని అడిగి వెళ్లిపోయాడు.

రొయ్యల గుంటల ఉప్పు మా మంచినీళ్ల బోరులోకి దిగినప్పుడు నేను ఎన్ని మీటింగులు పెట్టినా గుంటల వాళ్లు కదల్లేదు. ఆమె ఆ బోరు నీళ్లే చెంబుతో తెచ్చి, తాగమని వాళ్ల ముందు పెట్టి కూర్చుంది. పని జరిగింది. దండ నాకు వేశారు. ఇంటికొచ్చి దాన్ని చెత్తలో పడేశాను.

ఆ మధ్య ఆ చట్టం తీసేశారు. ఇప్పుడు పిల్లల్ని కనమని పెద్దలే మైకుల్లో చెబుతున్నారు. దీని గురించి ఎవరో అడిగితే ఆమె, "అప్పుడు కనొద్దన్నారు, ఇప్పుడు కనమంటున్నారు. కనేవాళ్లను మాత్రం అప్పుడూ అడగలా, ఇప్పుడూ అడగలా" అన్నది. ఆ మాట నాకెందుకు తోచలేదని చాన్నాళ్లు కుళ్లుకున్నాను.

ఈసారి నిలబడతావా అక్కా అని అడిగాను.

"నిలబడతా మే. నువ్వూ నిలబడు. ఊరు ఎవర్ని కావాలంటే వాళ్లని ఎంచుకుంటాది."

ఓడిపోతానని నాకు తెలుసు. అయినా ఆమె మీద నిలబడి ఓడాలని ఉండింది. నన్ను కావాలనుకునేవాళ్లు ఊళ్లో ఎంతమందో అప్పుడైనా తెలిసేది.

పెద్దకర్మ నాడు ఊరి పెద్దలు నా దగ్గరకు వచ్చి, ఇంక పోటీ ఎవరున్నారమ్మా, ఈసారీ ఏకగ్రీవమే అన్నారు. మజ్జిగ గ్లాసులు పంచుతున్న ఆమె మూడో కూతురు ఆ మాట విని ఆగింది. పోటీకి వయసు వచ్చిన పిల్లే.

"ఏకగ్రీవం వద్దు చిన్నమ్మా. నేను నిలబడతా."

పోటీ దొరికిందని నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే పాత మంట. నా పిల్లలిద్దరూ పంచాయతీ ఆఫీసు గడప తొక్కి ఎరగరు. ఆమెకు మాత్రం పోయాక కూడా నిలబడే మనిషి ఉంది. ఆ పిల్ల నా చేతికి గ్లాసు ఇచ్చి పందిట్లోకి వెళ్లింది. నేను చూసేసరికి అక్కడ ఒక ముసలామె దాని చున్నీ పట్టుకుని, ఆగిపోయిన తన పింఛను సంగతి చెప్పుకుంటోంది.