విమానానికి పెట్టిన పొగ

నిరుడు నడుము ఆపరేషన్‌కు నేను ఒక్కదాన్నే హైదరాబాద్ వెళ్లాల్సి వచ్చింది. మాది అశ్వారావుపేట దగ్గర పామాయిల్ తోట. బస్సు కుదుపులు పడవని డాక్టరు చెప్పడంతో రాజమండ్రి నుంచి విమానానికి టికెట్ తీశాం. కోసిన గెలలు వెంటనే మిల్లుకు చేర్చాలి కాబట్టి మా ఆయన రాలేకపోయారు.

"గంటలో దిగుతవు. లేచిన కాసేపటికే మన తోట మీదికెల్లి పోతది. ఎండు మట్టలు కాలబెట్టి పొగ లేపుతా, కిటికీలకెల్లి చూడు" అన్నారు.

తీరా విమానం ఆలస్యమైంది. ఎయిర్‌పోర్టు హాల్లో తెలిసిన ముఖం ఒక్కటీ లేదు. మళ్లీ నడుస్తానో లేదోనన్న భయం చెప్పుకోవడానికి పక్కన మనిషి లేడు. అంతలో ఫోన్ మోగింది.

"దిగినవా? పొగ కనబడ్డదా? విమానం పోయేదాక తువ్వాల ఊపిన!"

రొప్పుతున్నారాయన. అది ఏ ఊరి విమానమో! నేనింకా ఎక్కనే లేదని చెప్పడానికి నోరు రాలేదు.

"అవ్, మంచిగ కనబడ్డది" అన్నాను.

నా విమానం లేచేసరికి పొద్దు వాలింది. కిటికీకి ముఖం ఆనించి వెతికాను. కింద అన్నీ ఒకేలాంటి పచ్చటి తోటలు. పొగ ఎక్కడా లేదు.

ఇప్పుడు బాగానే నడుస్తున్నాను. విమానం మోత వినబడితే చాలు, మా ఆయన ఇప్పటికీ తలెత్తి, "గా రోజు కిటికీల నువ్వు కనబడ్డట్టే అనిపించింది" అంటారు. ఆ కిటికీలో కూర్చున్నది ఎవరోనని నేనూ తలెత్తి చూస్తాను.