అర్థం కాలేదని చెప్పడం నేర్పిన మేడం

పోయిన మంగళవారం కోహీర్‌లో బండికి అల్లం బస్తాలు ఎత్తిస్తుంటే మా చెల్లె ఫోన్ చేసింది. "అన్నా, మేడం చనిపోయిన్రు" అని ఏడ్చింది. పొద్దున ఆయాసం వస్తే సంగారెడ్డి దవాఖానకు తీసుకుపోతుండగా దారిలోనే ప్రాణం పోయిందట. నేను జహీరాబాద్ చేరేసరికి మా గల్లీ నిండా ఆమె దగ్గర చదువుకున్నవాళ్లే ఉన్నారు.

ఆమె మా ఎదురింటి మేడం. సర్కారు బడిలో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఆ తర్వాత, తెలుగు మీడియంలో పది పాసై ఇంగ్లిష్ మీడియం ఇంటర్లో చేరే పిల్లలను సాయంత్రాలు తన వరండాలో కూర్చోబెట్టుకునేవారు.

నేను తొమ్మిదిలోనే బడి మానేశాను. ఒక్కచోట ఉండడం నా వల్ల కాదు. మెకానిక్ షెడ్డు అయింది, లారీ క్లీనర్ పని అయింది, ఇప్పుడు ట్రాలీ ఆటో నడుపుతున్నాను. నేను కనబడితే చాలు, మేడం "ఈ నెల ఏం పని రా?" అని నవ్వేవారు. మళ్లీ చదువుకో అని మాత్రం ఎప్పుడూ అనలేదు.

మా చెల్లెకు పదిలో మంచి మార్కులు వచ్చాయి. నర్సు కావాలని బైపీసీలో చేరింది. వారం తిరక్కుండానే సంచి మూలకు పడేసింది.

"నేను పోను. సార్ ఇంగ్లిష్ల చెప్పుకుంట పోతుండు. అందరు తల ఊపుతున్నరని నేను గూడ ఊపుతున్న."

"పోకుంటె మాయె, అల్లం తవ్వనీకి రా" అన్నాడు నాయన. కోపంతో అన్నాడో, నిజంగానే అన్నాడో తెలియలేదు. నా లాగే ఇది కూడా ఆగిపోతుందని భయమేసి మేడం దగ్గరికి తీసుకుపోయాను.

వేర్లు ఏం చేస్తాయని అడిగారు మేడం. చెల్లె కళ్లు మూసుకుని, గైడులో ఉన్న జవాబంతా ఊపిరి తీసుకోకుండా ఒప్పజెప్పింది.

"మీ నాయన అల్లం వేస్తడు గద. మడిల నీళ్లు నిలిస్తె దుంప ఎందుకు కుళ్లుతది?"

"అది సిలబస్‌ల లేదు మేడం."

"ఆ సంగతి అల్లంకు తెల్వదు బిడ్డా."

వరండా అంతా నవ్వింది. చెల్లె కూడా నవ్వింది.

ఆమె పద్ధతి వేరే. పాఠం వినేటప్పుడు పుస్తకం మూసెయ్యాలి, పెన్ను ముట్టొద్దు. విన్నదాన్ని, చెల్లెను తీసుకొచ్చి అక్కడే కూర్చునే నాకు తెలుగులో చెప్పాలి. ఇంగ్లిష్ పేర్లు ఆ తర్వాతే. "వీనికి సమజైతేనే మీకు వచ్చినట్టు" అనేవారు. చాయ్ తాగుతూ వినడం నా పని. ఊరికే తల ఊపితే పట్టేసేవారు. "తల ఊపకు రా. ఏం సమజైందో చెప్పు." అర్థం కాలేదంటే పిల్లలు నా మీద పడేవాళ్లు.

"ఈ అన్న కావాల్నని అంటుండు మేడం!"

"అననీ. కాలేజీల మీరు గూడ గట్లనే అనాలె. సమజ్ కాలేదనుడు సిగ్గు కాదు."

కొన్నాళ్లకు చెల్లె వేర్లకు కూడా గాలి కావాలని, నీళ్లు నిలిస్తే మట్టిలో గాలికి చోటుండదని, ఊపిరాడని వేర్లకు తెగులు పట్టి దుంప కుళ్లుతుందని నాకు విడమరిచి చెప్పింది. ఇంట్లో అన్నం తినేటప్పుడు నాయనకూ అదే చెప్పింది. ఆయన ముద్ద చేతిలోనే పెట్టుకుని విన్నాడు. "మరి కాలువ ఇంక జర లోతు తియ్యాల్నా?" అని దాన్నే అడిగాడు. మళ్లీ తవ్వడానికి రమ్మనలేదు.

కానీ కాలేజీలో నోరు విప్పడం మాత్రం దానికి చేతకాలేదు. "ఇయ్యాల అడిగినవా?" అని మేడం అడిగేవారు. చెల్లె తల దించుకునేది. "మంచిది, రేపు అడుగు" అనేవారు. కోపగించుకోగా నేను చూడలేదు. అడగకముందే ఆమె పోయారు.

దహనం అయ్యాక రెండు రోజులు చెల్లె ఇల్లు కదల్లేదు. ఇక మానేసినట్టే అనుకున్నాను. మూడో రోజు పొద్దున తానే వచ్చి బండెక్కింది. కాలేజీ దగ్గర దింపి నా పనికి పోయాను.

సాయంత్రం తీసుకురావడానికి పోతే ఎంతకీ బయటికి రాలేదు. చివరికి దాని క్లాసు పిల్ల ఒకతి వచ్చి, "మీ చెల్లె లేచి సమజ్ కాలేదన్నది అన్నా. మాకు గూడ కాలేదు. సార్ ఇంకా చెప్తనే ఉన్నడు" అని లోపలికి చూపించింది.

బండ్లు నిలిపే రేకుల షెడ్డు కింద ఆ సార్ తన బైకు మీద కూర్చుని ఉన్నాడు. తాళం చెవి పెట్టాడు గానీ తిప్పలేదు. ఎడమ అరచేతి మీద వేలితో ఏదో గీస్తున్నాడు. చెల్లె, ఇంకో నలుగురు పిల్లలు ఆ అరచేతి మీదికి వంగి ఉన్నారు. బయట ఆ నలుగురూ ఎక్కాల్సిన మొగుడంపల్లి బస్సు హారన్ కొడుతోంది. ఒక్కరూ తల తిప్పలేదు.