ఎమ్మెల్యే గారి చెల్లెలి ఓటు

అన్నయ్య పోయి మూడేళ్ళయింది. రైల్వే క్వార్టర్ వదిలి వచ్చేసినా, ఇప్పటికీ నెహ్రూ నగర్‌లో మా ఇంటికి ఎవరో ఒకరు వచ్చి, ఎమ్మెల్యే గారి చెల్లెలు మీరేనా అని చేతులు జోడిస్తారు. అవునంటాను. కూర్చోబెట్టి టీ ఇస్తాను.

అన్నయ్య గెలిచిన రోజున బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా లైను ఆడవాళ్ళు నన్ను భుజాలకెత్తుకున్నంత పని చేశారు. గూడ్స్ గార్డు కొడుకు, ఈ క్వార్టర్లలోనే పుట్టినవాడు, అసెంబ్లీకి వెళ్తున్నాడు మరి! వారం తిరక్కుండానే పక్కింటావిడ ఖాళీ బిందెతో వచ్చింది.

“ఏటి వదినా, మీ అన్నయ్య ఎమ్మెల్యే అయిపోనాడు కదా, ఇంక మన కొళాయికి నీలొచ్చీత్తాయా?”

మా లైనంతటికీ కొళాయి ఒక్కటే. పొద్దున ఓ గంట వచ్చేది, అదీ సన్నగా. అన్నయ్యను అడిగాను.

“రైల్వే జాగాలో నా ఫండుతో మేకు కొట్టడానిక్కూడా లేదు సెల్లీ. కాయితం ఎట్టాను. అడుగుతానే ఉన్నాను.”

అది నిజమే. లోకోషెడ్డులో పనిచేసే మా ఆయనా అదే చెప్పారు. కానీ కాలనీ గోడ అవతల బస్తీలో అన్నయ్య బోర్లు వేయిస్తుంటే, ఆ ప్రారంభోత్సవాల బాజాలు మేం కొళాయి దగ్గర నిలబడి వినేవాళ్ళం. “పేరు గొప్ప ఊరు దిబ్బ” అని పక్కింటావిడ నా మొహం మీదే అనేది.

అయినా ఆదివారం పొద్దున్నే అన్నయ్య మా వరండాకి వచ్చేవాడు. హిందీలో అర్జీలు, తెలుగులో దెప్పిపొడుపులు, అన్నిటికీ “అచ్ఛా, అచ్ఛా” అంటూ చిన్న పుస్తకంలో రాసుకునేవాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదని అమ్మ ఎప్పుడూ నాకే చెప్పేది. అన్నయ్యకు చెప్పాల్సిన పనే ఉండేది కాదు. ఆ ఆదివారాలు తలుచుకుంటే నాకు ప్రాణం లేచొస్తుంది.

రెండోసారి ఎన్నికలు దగ్గరపడ్డాయి. కొళాయి దగ్గర తోపులాటలో మా అమ్మాయి పడి చెయ్యి విరిగింది. “ఎమ్మెల్యే మేనకోడలికే దిక్కు లేదు, మనకేటి సేత్తాడు?” అని వెనకాల ఎవరో నవ్వారు. పోలింగు రోజున బూత్‌లో అన్నయ్య గుర్తు చూశాను. చూసే, దాన్ని వదిలేసి దాని కింద ఉన్న ఇంకో గుర్తుకి మీట నొక్కాను.

అన్నయ్య ఓడిపోయాడు. నా ఒక్క ఓటు వల్ల కాదు, కాలనీ కాలనీయే తిరగబడింది.

మర్నాడు మధ్యాహ్నం స్కూటర్ మీద ఒక్కడే వచ్చాడు. అన్నం పెట్టాను. చారు కలుపుకుంటూ, తలెత్తకుండా అన్నాడు.

“మన బూత్‌లో మరీ తక్కువొచ్చినాయి. పోనీలే. ఎవులేసినా, మానినా, నీ ఓటు నాదే కదా. రాత్రల్లా అదే అనుకున్నాను.”

మజ్జిగ తెస్తానని వంటింట్లోకి వెళ్ళాను. చెప్పేద్దామనే అనుకున్నాను. తిరిగి వచ్చేసరికి అన్నయ్య కళ్ళెత్తి నావైపే చూస్తున్నాడు.

“నీకు కాక ఇంకెవరికేత్తాను అన్నయ్యా” అన్నాను.

మీట నొక్కింది కోపం. కోపాన్ని నేను ఎప్పుడో క్షమించుకున్నాను. ఆ మాట విని అన్నయ్య తృప్తిగా ఇంకో ముద్ద పెట్టించుకున్నాడే, అది మాత్రం క్షమించుకోలేకపోతున్నాను.