పిల్లల కోసం రైస్‌మిల్లుకు

పంతులుగా చేరిన కొత్తలో నాకు పిల్లలంటే ప్రేమ కన్నా భయమే ఎక్కువ. ఆసిఫాబాద్ అవతల ఒక ఊళ్లో ఒక్క గది, నేనొక్కణ్ణి, గది నిండా పిల్లలు. కిటికీలో ఇద్దరు, గడప మీద నలుగురు, చంకలో తమ్ముళ్లను ఎత్తుకొచ్చిన ఆడపిల్లలు వేరే. హాజరు పిలిచేసరికే సగం పొద్దు గడిచేది. ఈ జనాన్ని ఏ దేవుడు ఆపుతాడో అని విసుక్కునేవాణ్ణి. ఆ మాట అన్న నోటిని ఇప్పుడు కొట్టుకోవాలనిపిస్తుంది. ఆ గోల మళ్లీ ఒక్క పూట వింటే చాలనిపిస్తుంది.

ఉద్యోగం చివరి ఏళ్లలో సుల్తానాబాద్ దగ్గరి ఊరికి వచ్చాను. నాలుగు గదులు, బల్లలు, ఫ్యాన్లు, అన్నీ ఉన్నాయి. పిల్లలు మాత్రం ఏడుగురు. ఒక్క సుద్దముక్కల డబ్బా ఏడాదంతా వచ్చేది.

మధ్యాహ్నం అన్నం వండే ఆమెను ఊరంతా అక్క అనే పిలిచేది, నేనూ అంతే. ఆమె పెనిమిటి గల్ఫ్‌లో ఉండేవాడు. ఒక్కతే బిడ్డ, పెళ్లయి అత్తారింటికి పోయింది. అన్నాల వేళకు అతను వీడియో కాల్ చేసి, భార్యతో రెండు ముక్కలు మాట్లాడి, ఫోన్ పిల్లల వైపు తిప్పమనేవాడు. అతనుండే క్యాంపులో అంతా పనిచేసే ఈడు మగవాళ్లేనట. ముసలి ముఖం కనబడదు, పసిపిల్ల ఏడుపు వినబడదు. మా ఏడుగురి అల్లరే అతనికి పండగ. ఈ ఊళ్లో పిల్లలెందుకింత తగ్గారని ఒకసారి అక్కను అడిగాను.

“రెండేండ్లకొక్కపారి నెల దినాలకు వస్తడు. గా నెల చుట్టాలకే సరిపోతది. ఇగ పిల్లలెక్కడికెల్లి వస్తరు సారూ,” అని నవ్వింది. నవ్వు సగంలోనే ఆపి గంటె కడగడానికి పోయింది.

ఆ వేసవిలో పై నుంచి కబురొచ్చింది. బడి తెరిచేనాటికి పదిమంది లేకపోతే ఉన్నవాళ్లను పెద్ద రోడ్డు అవతలి ఊరికి పంపుతారు, ఇక్కడ తాళం పడుతుంది. నాకేం, ఇంకో బడి ఇస్తారు. అక్కకు ఆ పొయ్యి తప్ప వేరే లోకం లేదు. పొద్దున లేస్తే ఎవరికి వండాలని రెండు రోజులు అదే మాట అంది.

బడిలో పిల్లల్ని చేర్పించడానికి బడిబాట పేరుతో ఏటా చేసే పనే, ఆ ఏడు మరీ పట్టుదలగా గడప గడపా ఎక్కాను. ప్రైవేటు బడి బస్సు ఎక్కేవాళ్లు ముందే ఎక్కేశారు. మిగతా ఇళ్లలో ఆ ఈడు పిల్లలే లేరు. అప్పుడు అక్క, రైస్‌మిల్లు వెనక రేకుల షెడ్లకు ఎప్పుడైనా పోయారా అని అడిగింది. బస్తాలు మోసే బీహారు వాళ్లుండే చోటది. రోజూ దాని ముందు నుంచే బండి మీద పోతాను. కానీ మేం తిరిగేది ఊరి ఓటర్ల జాబితా పట్టుకుని. వాళ్లు అందులో లేరు కాబట్టి నా లెక్కలోనూ లేరు. చంకలో పిల్లను పెట్టుకుని సంతంతా వెతకడం అంటే ఇదే.

మర్నాడు ఇద్దరం పోయాం. మొదటి షెడ్డు ముందు ఒక తల్లి చంకలో పసివాణ్ణి ఎత్తుకుని నిలబడింది. పిల్లలెందరని నాకొచ్చిన ఉర్దూలో అడిగాను. ఇద్దరంది. ఆమె వెనక నలుగురున్నారు. గొంతు పెంచి మళ్లీ అడిగాను. ఆమె ముఖం ముడుచుకుంది. అక్క నా చెయ్యి పట్టి పక్కకు లాగింది.

“తల్లిని గట్ల అడుగుతరా సారూ? దిష్టి తాకదా?”

సిగ్గేసింది. మా అవ్వ కూడా అంతే. ఆరుగురిని కని, ఎవరడిగినా ‘ఉన్నరు’ అనేదే తప్ప లెక్క చెప్పేది కాదు. అన్నాల వేళ కంచాలు లెక్కపెట్టేది, మమ్మల్ని కాదు. అక్క ఆ తల్లిని ఇంకోలా అడిగింది, బడి తెరిచిన రోజు కొత్తగా ఎన్ని కంచాలు పెట్టమంటావని. నాలుగు, అంది ఆమె వెంటనే.

తెరిచిన రోజు నలుగురినీ వెంటబెట్టుకుని వచ్చింది. బీహారులో వాళ్ల ఊరి బడిలో చోటు చాలక పిల్లలు ఎండలో కూర్చుంటారని చెబుతూ గడప దాకా వచ్చింది. లోపలికి తొంగి చూసి ఆగిపోయింది. వరసగా ఖాళీ బల్లలు, ఒక మూల ఏడుగురు. గబుక్కున పిల్లల చేతులు పట్టి వెనక్కి లాగింది. మీ ఊరి పిల్లలంతా ఏమయ్యారు, ఏదైనా రోగమొచ్చి పోయారా అని అడిగింది. ఖాళీ బడికి ఇంకో కారణం ఉంటుందని ఆమెకు తోచలేదు. ఏ దేశంలో జనం ఎక్కువ, ఏ దేశంలో తక్కువ అని ఏళ్ల తరబడి పాఠం చెప్పినవాణ్ణి, నేను అక్క వైపు చూశాను. ఆమె వెనక్కి తిరిగితే ఆ బడి అంతటితో సరి.

అక్క కొంగుతో చేతులు తుడుచుకుంటూ పొయ్యి దగ్గర నుంచి వచ్చింది.

“రోగమేం రాలే చెల్లే. మేమే కనలే,” అని, ఆమెకు అర్థమయ్యేలా ఉర్దూలో మళ్లీ చెప్పింది. తర్వాత తెలుగులోనే, ఎవరితోనో తెలియకుండా, “నాకైతే ఇంకొకలు కావాలనే ఉండె,” అంది.

ఆ ముక్క ఆ తల్లికి అర్థమయిందో లేదో తెలియదు. కాసేపు అక్క ముఖమే చూసింది. చంకలోని పసివాణ్ణి తీసి అక్క చేతుల్లో పెట్టింది. పాలివ్వడానికి మధ్యాహ్నం వస్తానని, నలుగురినీ బల్లల మీద కూర్చోబెట్టి, మిల్లులో పనికి పొద్దుపోతోందని వెళ్లిపోయింది.

ఆమె తిరిగొచ్చేదాకా అక్క వాణ్ణి కింద దించలేదు. ఆ రోజు పిల్లలందరికీ అన్నం నేనే వడ్డించాను.