మా మరిది అనుమానం

మా మరిది సంజీవ్ హైదరాబాద్‌ల క్రిప్టోగ్రఫీ మీద పరిశోధన చేస్తడు. రహస్యాలకు తాళమేసే చదువట. మంచిదే, మా బీరువ తాళం పడ్తలేదు, జర సూడయ్యా అన్న. "గా తాళాలు కాదు వదినా. ఎవ్వలు ఇప్పలేని తాళమనేది అసలు ఉంటదా, ఉండదా, గది మా పని" అన్నడు. ఉన్నదా మరి? ఇంకా తెల్వదట! ఏండ్లసంది గీ ముచ్చటకే దేశదేశాల మీటింగులు పెట్టుకుంటున్రట, చాయ్ తాగుకుంట.

మా ఆయన తిరుపతి, మా ఊరు రుద్రంగిల తాటిచెట్లు గీస్తడు. మొన్న ఎండకాలం సురేశ్ అనేటోడు పుకారు లేపిండు. తిరుపతి ఒక్కటే కల్లు రెండు మట్టి లొట్లల్ల పోసి, ఒకటి పోతుతాటిది, ఒకటి పరుపుతాటిది అని వేరువేరు రుచుల చెట్ల పేర్లు చెప్పి అమ్ముతుండని. మండువకు కల్లు తాగనీకి వచ్చేటోళ్లు తగ్గిన్రు. మా ఆయనకు అన్నం సయించలే. గాయిన బతుకంతా గా పేరే గద!

గప్పుడే సెలవులకు కోరుట్ల బస్సు దిగిండు మా పండితుడు. "కిటుకు చెప్పకుండనే నిజమని రుజువు చెయ్యొచ్చు, మా శాస్త్రంల ఉన్నది" అని మండువల నలుగురిని కూసవెట్టిండు. వాళ్లన్న అటు తిరిగి కూసోవాలె. సురేశ్ తనకు నచ్చిన లొట్టిల నుంచి తాటాకు రేకల పోస్తడు. అన్న తాగి, ఏ తాటిదో చెప్పాలె. రెండూ ఒకటే కల్లయితే ఎట్ల చెప్తడు?

మా ఆయన టక్కున చెప్పిండు. మళ్ల చెప్పిండు. మళ్ల. సురేశే చేతులు జోడించిండు. "నాదే తప్పు తిరుపతన్నా, నమ్మిన."

గాడ ఆగితే మా మరిది ఎందుకైతడు! "ఆగున్రి. గుడ్డిగ చెప్పినా గిన్నిసార్లు తగలొచ్చు. ఒక్కోసారికి అనుమానం సగమైతది" అన్నడు.

"సగం సగమైతే ఎప్పుడు ఒడుస్తదయ్యా?" అన్న.

"ఒడవది వదినా. పట్టించుకోనంత చిన్నగైతది."

ఇగ రేక మీద రేక. పొద్దూకేవరకు మా ఆయన నాలుక మొద్దువారింది, కండ్లు ఎర్రవడ్డయి. పోతుతాటిదాన్ని పరుపుదన్నడు. మళ్ల తప్పు చెప్పిండు. సురేశ్ లేచి తువ్వాల దులుపుకున్నడు. "నేను ముందే అన్న" అనుకుంట పోయిండు. మా మరిది నెత్తి గోక్కున్నడు. "మా థియరీల రుజువు చేసేటోడు ఎంతకూ అలసిపోడు వదినా." అయ్యో నా సదువుల తండ్రి! కల్లు తాగితే మనిషికి ఎక్కుతదని నీ పుస్తకాలల్ల రాయలేదా?

తెల్లారి మండువకు నరపురుగు రాలే. నాకు కడుపు మండింది. "ఊరిని ఇడిసిపెట్టు. నువ్వు చెప్పు, మీ అన్న మోసగాడా?" అని సంజీవ్‌ను నిలదీసిన.

జర ఆలోచించిండు. అన్నీ ఆలోచించే చెప్తడు గద. "చానవరకు కాడనే వదినా. కానీ నిన్నటితోని రుజువైతే కాలే."

చెట్టెక్కే మోకు భుజానేసుకుంటున్న మా ఆయన ఇన్నడు. తమ్ముని దిక్కు ఒక్కసారి సూసి చెట్టుకు పోయిండు.

నేను నిండు లొట్టి లేపి మరిది నెత్తిమీద గుమ్మరిచ్చిన.

"గిది ఏ తాటిదో చెప్పు" అన్న.